తెలుగు బైబిలు - నేటి క్రైస్తవ జీవితము

బైబిలు గ్రంథమున నూతన నిబంధన పుట్టి పందొమ్మిది వందల సంవత్సరములు దాటినది. పూర్వ నిబంధన అంతకంటెను ప్రాచీనము. గొఱ్ఱెల కాపరులు, జాలరులు, సుంకరులు, రోమను శతాధిపతులు తిరుగాడు ఆ గ్రంథము నేడు విజయనగరమున బ్యాంకు ఉద్యోగము చేయు క్రైస్తవునకు గాని, శ్రీకాకుళమున కళాశాలకు పోవు క్రైస్తవ బాలికకు గాని ఏమి చెప్పగలదు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు బోధకులు. చరిత్ర చదువుకొన్నవానికి దీనికి ముందుగా మఱియొక ప్రశ్న తోచును. ఆ గ్రంథము ఈ ప్రాంతపు మనుష్యునితో అతని భాషలో మాటాడుట ఎప్పుడు మొదలిడినది, ఎవరి నోట మాటాడినది? ఈ రెండవ ప్రశ్నను విచారించినచో మొదటిదానికి కొంత సమాధానము దొరకునని నా నమ్మకము. ఏలయనగా తెలుగున అచ్చైన మొట్టమొదటి సువార్తలు తయారైనది మన ఉత్తరాంధ్ర తీరముననే.

అచ్చుకాని అనువాదము అంతకుముందే ఒకటి ఉండెను. బెంజమిన్ షుల్జ్ అను జర్మను లూథరను బోధకుడు మద్రాసున నుండి 1732 నాటికి బైబిలును తెనిగించెను. ఆ వ్రాతప్రతి ముద్రణకు నోచుకొనలేదు. ఆయన చిన్న పుస్తకములు కొన్ని మాత్రము జర్మనీలోని హాలే నగరమున తెలుగు అక్షరములతో అచ్చైనవి. ఆ అనువాదమును తెలుగు పల్లెలలో చదివినవారు లేరు గనుక దానిని ఇంతటితో విడిచిపెట్టుదము.

1804వ సంవత్సరము చివర జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇరువురు యువకులు లండన్ మిషనరీ సొసైటీ పక్షమున తరంగంబాడి రేవున దిగిరి. తరంగంబాడి అప్పుడు డేనిషువారి అధీనమున నుండెను. ఈస్టిండియా కంపెనీవారు తమ రాజ్యమున మత ప్రచారకులకు స్వాగతమిచ్చు కాలము కాదది. 1813 నాటి చట్టము వచ్చువరకు అట్టివారు కంపెనీ అధికారుల దయాదాక్షిణ్యములపై బ్రదుకవలసినవారే. ఆ ఇరువురును 1805లో విశాఖపట్టణము చేరిరి. నేటి విజయనగరము జిల్లా అప్పటి విశాఖపట్టణము జిల్లాలోనిది. శ్రీకాకుళము గంజాము జిల్లాలో నుండెడిది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు అది విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో వేరు జిల్లా యైనది. విజయనగరము జిల్లా 1979లో ఏర్పడినది. కావున విశాఖపట్టణమున జరిగిన యీ పని ఈ జిల్లాల వారందఱి పూర్వచరిత్రయే.

వచ్చినవారికి తెలుగు రాదు. నిఘంటువు లేదు, నేర్చుకొనుటకు తగిన వ్యాకరణము లేదు. బ్రౌను దొర నిఘంటువునకు ఇంకను నలుబది సంవత్సరముల పైబడి వ్యవధి యున్నది. ఇట్టి స్థితిలో 1808లో వారి వద్దకు ఆనందరాయరు అను బ్రాహ్మణుడు వచ్చెను. ఆ కాలపు మిషనరీల నివేదికలు ఇతని కథను కొంత విపులముగనే చెప్పినవి. ఇతడు మహారాష్ట్ర బ్రాహ్మణుడు. టిప్పు సుల్తాను సైన్యమున ఒక పటాలమునకు లెక్కలు వ్రాసిన ఉద్యోగి. ముక్తి మార్గమును వెదకుచు, ఒక గురువు ఉపదేశించిన మంత్రమును నాలుగు లక్షలమార్లు జపించి, మనశ్శాంతి లభింపక, దేశములు పట్టి తిరిగెనట. తరువాత రోమను కథోలికుల సహవాసము చేసెను. వారివద్ద బైబిలు కావలెనని అడిగి, దానిని వెదకుకొనుచు తరంగంబాడి లూథరనుల యొద్దకు పోయెను. అచ్చటినుండి విశాఖపట్టణము వచ్చెను. మతాంతరమును గూర్చి ఎవరి అభిప్రాయము వారికుండవచ్చును. ఒక గ్రంథమును చదువవలెనను కోరికతో ఇంత దూరము నడచిన మనుష్యుని అన్ని మతములవారును గౌరవింపవచ్చునని మాత్రము నేననుకొందును.

అతనికి తమిళము బాగుగ వచ్చును. తమిళమున క్రొత్త నిబంధన 1715 నాటికే తరంగంబాడిలో అచ్చైనది. తరువాత సంస్కరణములును జరిగినవి. ఆనందరాయరు తమిళ ప్రతిని ముందుంచుకొని, కొన్ని వాక్యములు చదివి, సందేహము కలిగినచోట డెస్ గ్రాంజెసును అడిగి, తెలుగున వ్రాసెడివాడు. డెస్ గ్రాంజెసు దానిని మూలముతో సరిచూచెడివాడు. ఆలోచించిన కొలది ఈ ఏర్పాటు ఆశ్చర్యముగ నుండును. యేసు పలికినది అరమాయికు భాష. సువార్త వ్రాయబడినది గ్రీకున. తమిళమునకు తెచ్చినది జర్మనులు. తమిళమునుండి తెలుగునకు తెచ్చినది మరాఠీ ఇంటిలో పుట్టిన లెక్కల ఉద్యోగి. దిద్దినది ఆంగ్లేయుల సంఘము పంపిన బోధకుడు. వ్రాసిన చోటు విశాఖపట్టణము. ఇన్ని చేతులు మారిన వస్తువు పరాయిదిగ మిగిలిపోవలసినది. అట్లు కాలేదు. ఎందుచేత కాలేదో తరువాత చెప్పెదను.

ఈ పని చేసినవారు దాని ఫలితమును చూడలేదు. క్రాన్ 1809లో శ్రీకాకుళమున మరణించెను. మరుసటి యేటనే డెస్ గ్రాంజెసు పోయెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడు మాత్రము అప్పటికి సిద్ధమైనవి. అవి 1812లో బెంగాలునందలి సెరాంపూరున అచ్చైనవి. ఆ సంవత్సరమే, మార్చి 11వ తేదీన, సెరాంపూరు ముద్రాలయము అగ్నికి ఆహుతియైనది. అనేక భారతీయ భాషల అచ్చు అక్షరములును, విలియం కేరీ శ్రమించి వ్రాసిన వ్రాతప్రతులును బూడిదయైనవి. కేరీ మరల కూర్చుండెను. ఆయన తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. ఆ తరమువారి పట్టుదలను గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

విశాఖపట్టణమున పని ఆగలేదు. ఎడ్వర్డ్ ప్రిచెట్ క్రొత్త నిబంధనను పూర్తిచేయగా అది 1818లో మద్రాసున అచ్చైనది. విచిత్రమేమనగా, ఆ సంవత్సరముననే సెరాంపూరువారును తమ తెలుగు క్రొత్త నిబంధనను ప్రకటించిరి. ఒకే గ్రంథమునకు ఒక్క యేటనే రెండు తెనుగులు! తరువాత జాన్ గోర్డన్ మొదలైనవారు పాత నిబంధనపై శ్రమించిరి. 1840లో వచ్చిన జాన్ హే, 1891లో మరణించువరకు దాదాపు అర్ధశతాబ్దము విశాఖపట్టణమును కేంద్రముగ చేసికొని, అనువాదమును దిద్దుటలోనే జీవితమును గడపెనన వచ్చును. నేడు ప్రొటెస్టెంటు సంఘములలో చదువబడుచున్న పాత అనువాదము ఈ పొరలన్నిటిపై ఏర్పడినదే. దాని ముఖపత్రముపై ఆనందరాయరు పేరు లేదు.

ఇక భాష సంగతి. 'బైబిలు తెలుగు' అని హాస్యమాడువారు నిన్న మొన్నటివారు కారు. పండితులు మొదటినుండియు దానిని ఎగతాళి చేసిరి. 'ఏలయనగా' అను మాట వాక్యమునకొకటి వచ్చుననియు, కర్మణి ప్రయోగములు మితిమీరినవనియు, వాక్యము తెలుగు నడక నడవదనియు వారి ఆక్షేపణ. అందు కొంత నిజమున్నది. అయినను రెండు మూడు పదములను పరీక్షించి చూడుడు.

కానా అను ఊరి పెండ్లిలో యేసు తన తల్లిని సంబోధించిన పదమునకు గ్రీకు మూలమున 'స్త్రీ' అని అర్థము. ఆంగ్లమునను అట్లే ఉన్నది. తెలుగున దానిని 'అమ్మా' అనిరి. తల్లిని మాత్రమే కాదు; బావియొద్ద నీళ్లు చేదుకొనుటకు వచ్చిన సమరయ స్త్రీని, సమాధియొద్ద ఏడ్చుచున్న మగ్దలేనే మరియను కూడ యేసు తెలుగున 'అమ్మా' అనియే పిలుచును. పరాయి ఆడుదానిని అమ్మా యని పిలుచుట మన వాడుక. నిఘంటువు చూచి వ్రాసినవాడు ఈ మాట వ్రాయడు. ఇరుగుపొరుగుల మాటలు విన్నవాడు వ్రాయును. అట్లే దీపమును వెలిగించి బోర్లించిన పాత్ర క్రింద పెట్టరాదను ఉపమానమున ఆ పాత్ర 'కుంచము' అయినది. కళ్లమున ధాన్యము కొలిచిన రైతుబిడ్డకు కుంచమన్న నేమో చెప్పనక్కరలేదు. దుఃఖ సూచకముగ ధరించు ముదుక వస్త్రము 'గోనెపట్ట' అయినది. గోనెనారకు పేరు పడిన ప్రాంతము మనది. జనుపనార మిల్లు వెలసిన నెల్లిమర్లలో ఆ మాట ఎంతటి దగ్గరి మాట!

కాని ద్రాక్షతోట ఉపమానమున కూలివాని దినవేతనము 'దేనారము' గనే ఉండిపోయినది. ద్రాక్షతోటయు అంతే, మన జీడితోటలు, కొబ్బరితోటలు ఆ స్థానమునకు రాలేదు. కుంచము ఇంటి మాట, దేనారము పరాయి మాట. రెండును ఒకే గ్రంథమున ప్రక్క ప్రక్కనే ఉన్నవి. తెలుగు క్రైస్తవుని జీవితమున బైబిలు స్థితియు నాకిట్లే కనబడుచున్నది. కొన్ని భాగములు కుంచమువలె ఇంటి సామగ్రిలో కలిసినవి. కొన్ని దేనారమువలె, గౌరవింపబడుచును, చెల్లుబాటు కాక ఉన్నవి.

ఇంటి మాటగ మారుటకు అనువాదమొక్కటే చాలలేదు, పాట కావలసివచ్చినది. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తెలుగు కరపత్రములు చదివి, శ్రీకాకుళమున హెలెన్ నాట్ అను ఆంగ్ల వనితవలన మఱికొంత తెలిసికొని, 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. 1890 వరకు జీవించి నూటికి పైగా కీర్తనలు రచించెను. ఇవి ఆంగ్ల రాగములకు అమర్చిన మాటలు కావు. రాగతాళములు మనవి, పల్లవి చరణముల కట్టు మనది. అక్షరము రాని ముసలమ్మ సువార్త కథలో సగము ఈ కీర్తనలవలననే ఎరుగును. బైబిలు స్త్రీలని పిలువబడిన బోధకురాండ్రు ఇంటింటికి పోయి చదివి వినిపించుటయు ఇట్టిదే. చదువువారికంటె వినువారే ఎక్కువగ నుండిన కాలమున ఈ గ్రంథము చెవులద్వారా వ్యాపించినది. రేడియో కలవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

19వ శతాబ్ది చివరి భాగమున కెనడా బాప్తిస్టులు భీమునిపట్టణము, శ్రీకాకుళము, బొబ్బిలి, విజయనగరము, పర్లాకిమిడి మొదలైనచోట్ల స్థిరపడిరి. సాలూరు, పార్వతీపురముల వైపు జర్మను లూథరనులు వచ్చిరి. ఫ్రాన్సుదేశపు కథోలిక గురువులు 1846 నాటికే విశాఖపట్టణము చేరియుండిరి. సోంపేట ఆసుపత్రి, సాలూరు కుష్ఠరోగుల ఆసుపత్రి ఈ వరుసలోనివే. కథోలికుల యింట మాత్రము బైబిలు చాలకాలము గురువుల గ్రంథముగనే ఉండెను. పూజ లాటిను భాషలో జరిగెడిది. 1962-65 నడుమ జరిగిన రెండవ వాటికను మహాసభ తరువాత పూజయు పఠనములును తెలుగున మొదలైనవి. ఆ విధముగ చూచినచో బైబిలుతో సామాన్య కథోలిక విశ్వాసికి పరిచయమైనది నిజముగ ఆధునిక కాలముననే.

ఈ ప్రాంతముననే ఇంకొక భాషా చరిత్రయు నడచినది. శ్రీకాకుళము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, కొండలలోని సవరల భాష నేర్చి, ఆ భాషలో పాఠ్యపుస్తకములు వ్రాసి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. ప్రజల నోటనున్న తెలుగే పుస్తకముల తెలుగు కావలెనని ఆయనయు, విజయనగరమున గురజాడ అప్పారావుగారును పోరాడిరి. విశాఖపట్టణమున మూడు సువార్తలు తయారైన నూఱేండ్లకు, ఆ చుట్టుప్రక్కలనే ఈ ఉద్యమము పుట్టుట కేవలము కాకతాళీయము కావచ్చును. కాని సామాన్యునికి తెలియునట్లు చెప్పుటెట్లు అను ప్రశ్న ఇరువురిదియు నొక్కటే. పంతులుగారు మత ప్రచారమునకు కాక సవరల చదువునకై పాటుపడిరి. సవర భాషకు బైబిలు తెచ్చినవారు తరువాత వచ్చిన క్రైస్తవులు. నేడు ఆ భాషకు లిపులే పెక్కు. ఒడిశాలోని క్రైస్తవ సవరలు రోమను లిపిని, ఇటు తెలుగు జిల్లాలవారు తెలుగు లిపిని వాడుదురు. 1936లో మంగేయి గోమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి సవరల సంప్రదాయ మతాభిమానులలో ప్రచారము పొందినది. ఒకే భాషను పలుకు బంధువులలో ఒకరి పుస్తకము మఱియొకరు చదువలేని స్థితి యిది.

ఇప్పుడు దేనారమునకు వత్తము. ఆ ఉపమానమున యజమానుడు ప్రొద్దుననే సంతవీధికి పోయి కూలివాండ్రను పిలుచును. తొమ్మిదింటికి, మధ్యాహ్నమునకు, సాయంకాలము ఒక గంట మిగిలియుండగా కూడ పోయి, ఎవరును పనికి పిలువక నిలిచియున్నవారిని తోడ్కొనివచ్చును. చివర అందఱికి నొకే కూలి యిచ్చును. శ్రీకాకుళపు కూలివానికి ఇది కథ కాదు. ఈ జిల్లాల కూలివాండ్రు కళింగపట్టణము, బారువ, భీమునిపట్టణము రేవులలో ఓడలెక్కి రంగూను పోయిరి. 1942లో జపానువారి దాడికి వెఱచి ఎందఱో అడవుల వెంట నడచి తిరిగివచ్చిరి. నేడు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నపట్టణములలో కట్టడపు పనులకు పోవుచున్నారు. తెల్లవారుఝామున పట్టణపు కూడలిలో నిలబడి, తొమ్మిది దాటినను పిలుపు రానివాని గుండె ఎట్లుండునో వారికి తెలియును. ఆ ఉపమానమును ఆదివారమున చదువు క్రైస్తవుడు కూలివాడైనచో దానిలో తన్ను తాను చూచుకొనును. మేస్త్రీయో, గుత్తేదారో అయినచో? దేనారమన్న పదము అక్కడ అతనికి మంచి చాటు. దానిని 'నేటి కూలి' అని చదివిన క్షణమున ఆ చాటు తొలగిపోవును.

కులము విషయము ఇంతకంటె కఠినమైనది. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు, క్రీస్తునందు జాతిభేదము లేదు, దాసుడు స్వతంత్రుడు అను భేదము లేదు అని వాదించెను. అంటరానివారుగ ఎంచబడిన కుటుంబములు అనేకము ఈ మాటను నమ్మి సంఘమున చేరినవి. ప్రభువు బల్లయొద్ద అందఱును ఒక్క రొట్టె తినుచున్నారు. పెండ్లి సంబంధముల మాట వచ్చునప్పటికి పాత యెల్లలు మరల కనబడుచున్నవి. రాజ్యము చేసిన ఏర్పాటు మఱియొకటి. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు ప్రకారము ఆ హోదా హిందువులకు మాత్రమే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది, క్రైస్తవులకు విస్తరింపలేదు. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగ చేర్చి నూటికి ఒకటి చొప్పున ప్రత్యేకించిరి. గిరిజనుల విషయమున మతము అడ్డు కాదు. సవర క్రైస్తవుడు షెడ్యూల్డు తెగవాడుగనే ఉండును. కావున పల్లపు గ్రామపు దళిత క్రైస్తవునకు కాగితముపై నొక పేరు, సంఘపు పట్టికలో నొక పేరు ఉండుట కద్దు. బిడ్డ చదువు ఒకవైపు, సత్యము చెప్పుమను తన గ్రంథము ఒకవైపు. వేల సంవత్సరముల నాటి పుస్తకము నేటి జీవితమునకు పనికివచ్చునా యని అతని నడుగనక్కరలేదు. ధ్రువపత్రము కొరకు దరఖాస్తు నింపునప్పుడు అది అతని ప్రక్కనే కూర్చుండును. ఇతనిపై తీర్పు చెప్పుటకు కులమువలన ఏ నష్టమును పొందని క్రైస్తవులకు అధికారము తక్కువయని నా అభిప్రాయము.

ఇటీవల వాడుక భాషలో అనువాదములు పెక్కు వచ్చినవి. చేతిలోని ఫోనులోనే బైబిలంతయు చదువవచ్చును, వినవచ్చును. చెన్నపట్టణమున పనిచేయు కొడుకును, ఊరనున్న తల్లియు ఒకే అధ్యాయమును ఒకే రాత్రి వినగలుగుచున్నారు. క్రొత్త అనువాదములలో దేనారములు కొన్నిచోట్ల వెండి నాణెములైనవి, 'ఏలయనగా' తగ్గిపోయినది. ఇంత జరిగినను ఆలయమున బిగ్గరగ చదువవలసి వచ్చినప్పుడు పెద్దలు పాత ప్రతినే తెరచుచున్నారు. యువకులకు అందలి పదములు సగము తెలియవు. పెద్దలకు క్రొత్తదానిలో గంభీరత తోచదు. కొన్ని కుటుంబములలో తండ్రి పాతది చదువగా, కుమార్తె అదే భాగమును క్రొత్తదానినుండి చదువుట గలదు. కూలివాండ్ర ఉపమానమును ఆ రెండు విధములుగ ఒకేమారు విన్నచో, దేనారమునకును దినకూలికిని నడుమ నున్న దూరము ఆ యింటివారికి వెంటనే వినబడును.